ముందుగదిలో ప్రమాణం

మొగుడు పోయిన మర్నాటికి కూడా హనోరా కాఫ్లన్ కంట చుక్క నీరు రాలేదు. ఊళ్లో ఆడవాళ్లు దీని గురించి తర్వాత నానా మాటలూ అన్నారు. అననీ! ఏడవడానికి కూడా మనిషికి కాస్త సందు దొరకాలి కదా. ఆ ఇంట్లో ఆ రోజు సందెక్కడ దొరికింది?

ఓవెన్ కాఫ్లన్ రైలు పట్టాలు వేసే ముఠాకు మేస్త్రీ. ముందురోజు మధ్యాహ్నం పట్టా ఎత్తబోయి, రొమ్ము పట్టుకుని కంకర మీద కూలబడ్డాడు. మళ్లీ లేవలేదు. ముఠావాళ్లు అతన్ని మోసుకొచ్చి ముందుగదిలో పడుకోబెట్టారు. ఇంకెక్కడ పడుకోబెడతారు? ఆ గది అతను తన చేతుల్తో కట్టుకున్నది. పని దిగి వచ్చాక ఒక్కో చెక్కా కోసి, మేకులు కొట్టి, ఏళ్ల తరబడి కట్టాడు. తీరా తివాచీ పరిచాక హనోరా అతన్ని అందులో కాలు పెట్టనిస్తేనా! ఆ గది పాదిరిగారి కోసం, ఇంట్లో అద్దెకుండే వాళ్ల చుట్టాల కోసం.

"చచ్చాకైనా అందులో పడుకోనిస్తావా లేదా?" అని వేళాకోళం చేసేవాడు.

"పడుకుందువుగాని, ముందా బూట్లు విప్పు" అనేది.

ఆ మాట ఇప్పుడు గుర్తొచ్చినా ఆవిడకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. లోపలంతా మొద్దుబారిపోయింది. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి. చావింటి ఆనవాయితీగా అద్దం మీద దుప్పటి కప్పింది. గడియారం ఆపింది. తల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి, ఓవెన్ వేళ్లకు జపమాల చుట్టింది. వచ్చినవాళ్లకు టీ పోసింది. ఇంకొక్క రోజు అతను ఆ గదిలో పడుకోవాలి, మర్నాడు అతను బిగించిన వీధి తలుపులోంచే గుడికి సాగాలి. ఆవిడ కోరిందల్లా అంతే.

సరిగ్గా అప్పుడే వీధిలో గోల మొదలైంది. వారం రోజులుగా మంచాన పడి ఉన్న దేశాధ్యక్షుడు ఆ పొద్దున్నే కన్నుమూశాడు. ఉపాధ్యక్షుడు రైల్లో హుటాహుటిన రాజధానికి పోతుంటే, కార్బెట్ జంక్షన్లో, అంటే మా ఊళ్లో, తంతి ఆయన చేతికందింది. దేశం తల లేకుండా ఉండకూడదట. రాజధాని దాకా ఆగడానికి లేదు, ఇక్కడే ప్రమాణం చేసెయ్యాలి. జడ్జి విట్‌లాక్ గారిని ఇంట్లోంచి పరుగున పట్టుకొచ్చారు. జడ్జి దొరికాడు సరే, చోటేదీ? స్టేషన్ కప్పు మరమ్మతులో ఉంది, హోటలు వేసవిలోనే తగలబడింది. స్టేషన్ ఎదురుగా, కిటికీలకు పరదాలున్న ఇల్లు ఒక్కటే కనపడింది.

ఉపాధ్యక్షుడి కార్యదర్శి చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. "అమ్మా, మీ ముందుగది ఒక్క అరగంట కావాలి. దేశానికి సంబంధించిన పని."

తలుపు దగ్గర నిలబడ్డ డెలియా, హనోరాను అక్కా అని పిలిచే పక్కింటావిడ, అతనికి దారివ్వలేదు. "అందులో శవం ఉంది నాయనా! మా అక్క మొగుడు."

అతను లోపలికి తొంగి చూసి, టోపీ తీసి చేతుల్లో నలిపాడు. "అయ్యో... మరి... పక్కగదిలోకి ఏమైనా..."

"గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే!" డెలియా గయ్యిమంది. "పడుకోబెట్టిన మనిషిని ఎక్కడైనా కదుపుతారా? ఇంత దేశం ఉంటే మీ అయ్యగారికి మా అక్క ఇల్లే దొరికిందీ?"

ఓవెన్ తమ్ముడు టెరెన్స్ వచ్చి హనోరా పక్కన నిలబడ్డాడు. "వదినా, నువ్వు వద్దను చాలు. ఎవడు గడప తొక్కుతాడో నేను చూస్తా."

అందరూ ఆవిడ వైపు చూశారు. ఆవిడకు ఆ మాటలన్నీ పక్కవీధిలో ఎవరో మాట్లాడుకుంటున్నట్టు వినిపించాయి.

"అరగంటే కదా" అంది. "వంటింటి బల్ల తుడుస్తాను, ఉండండి."

ఎందుకొప్పుకుందంటే నేనేం చెప్పను? మొద్దుబారిన మనిషిని ఏదడిగినా సరే అంటుంది. ఆ పూట పొయ్యిలో చెయ్యి పెట్టమన్నా పెట్టేదే. రొట్టెల పిండి పక్కకు జరిపి, తడిగుడ్డతో బల్ల తుడిచింది. ముఠావాళ్లు నలుగురు ఓవెన్‌ను మోసుకొచ్చి దాని మీద పడుకోబెట్టారు. డెలియా సణుగుతూనే కాళ్ల మీద దుప్పటి సర్దింది.

హనోరా వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. ఉపాధ్యక్షుడికి గడ్డం మాసి ఉంది, కోటు నిండా రైలు మసి. బైబిల్ మీద చెయ్యి పెట్టాడు. జడ్జి ఒక్కో ముక్కా చెబుతుంటే ఆయన అంటున్నాడు. మధ్యలో ఒకచోట తడబడి మళ్లీ మొదటినుంచీ అన్నాడు. ఆయన మొహం కూడా తన మొహంలాగే ఉందనిపించింది ఆవిడకు. ఎవరో చెయ్యి పట్టి లాక్కుపోతుంటే నడుస్తున్నవాడి మొహం. పాపం అనుకుంది, కానీ ఆ జాలి కూడా గుండె దాకా దిగలేదు. పొయ్యి మీద నీళ్లు కాగేలోపే అంతా అయిపోయింది. దేశానికి కొత్త అధ్యక్షుడు వచ్చాడు.

పోతూ పోతూ ఆయన ఆవిడ దగ్గర ఆగి, చెయ్యి పట్టుకున్నాడు. "మీకు చాలా శ్రమ ఇచ్చామమ్మా. ఇంటాయన కనపడలేదు, పనికెళ్లారా?"

వెనక కార్యదర్శి మొహం కందగడ్డయింది. శవం సంగతి కొత్త అధ్యక్షుడికి ఎవరూ చెప్పనే లేదు.

"ఆయనకు కూడా నా కృతజ్ఞతలు చెప్పండి. మరిచిపోకండి."

"చెబుతానయ్యా" అంది హనోరా.

రైలు కదిలింది. జనం మాత్రం కదల్లేదు. ఊరు ఊరంతా ముందుగదిలోకి విరగబడింది. "ఇక్కడే నిలబడ్డాడు!" అని ఒకడు, "కాదెహె, ఇదిగో ఇక్కడ!" అని ఇంకొకడు. బ్యాంకు మేనేజరు భార్య కుర్చీలో కూర్చుని లేచింది. ఎవరో గుర్తుగా దాచుకోవడానికి పరదా కుచ్చు కత్తిరించుకుపోయారు. తివాచీ నిండా బురదే.

టెరెన్స్ వంటింట్లోకి వచ్చాడు. "వదినా, వీళ్లిప్పట్లో వదిలేలా లేరు. చీకటిపడ్డా వస్తూనే ఉంటారు. అన్నయ్యను ఇక్కడే ఉంచి, రేపు పెరటి తలుపులోంచి తీసుకుపోదాం."

హనోరా అతని వైపు తిరిగింది. "పెరటి తలుపులోంచా?"

"మరేం చెయ్యమంటావు?"

"బొగ్గు బస్తాలు తెచ్చే తలుపులోంచి నా మొగుణ్ణి పంపిస్తావురా? లేపండి. ఇప్పుడే లేపండి!"

ముందు రోజు నుంచి ఆవిడ గొంతు పెంచడం అదే మొదలు. నలుగురూ లేపారు. ఆవిడ కొవ్వొత్తి పట్టుకుని ముందు నడిచింది. ముందుగదిలో జనం మొదట విసుక్కున్నారు, "ఏంటిది, తోస్తారేంటి?" అన్నారు. తర్వాత వచ్చేదేమిటో కనపడింది. ఒక్కొక్కటిగా టోపీలు దిగాయి. గోడల వైపు ఒత్తుకుని దారి ఇచ్చారు. అధ్యక్షుడు ప్రమాణం చేసిన చోటే ఓవెన్‌ను పడుకోబెట్టారు.

"ఎవరమ్మా ఈయన?" బ్యాంకు మేనేజరు భార్య గుసగుసగా అడిగింది.

"ఈ ఇంటాయన" అంది హనోరా.

హనోరా కుర్చీ లాక్కుని మొగుడి తల దగ్గర కూర్చుంది. మాటిచ్చింది కాబట్టి చెప్పాలి. వంగి, చెవిటివాడికి చెప్పినట్టు గట్టిగానే చెప్పింది.

"ఓవెన్, అధ్యక్షుడుగారు మనింటికి వచ్చి వెళ్లారు. నీకు కృతజ్ఞతలు చెప్పమన్నారు. నువ్వు కనపడకపోతే, పనికి... పనికెళ్లావనుకున్నారు."

అప్పుడు ఏడ్చింది హనోరా, ఊరందరి ముందూ, పెద్దగా.