నాన్న తెచ్చిన బరువు పెల్లెట్లు

మాది కావలి పక్కన వరి పండించే ఇల్లు. నారు పోసే ముందు నాన్న విత్తనం వడ్లను ఉప్పునీళ్లలో వేస్తాడు. తేలినవి కోళ్లకు, మునిగినవి మడికి. నా షూటింగుకు కూడా ఆయన అదే సూత్రం వాడాడు.

నేను ఎయిర్ రైఫిల్ పట్టింది ముప్పై దాటాక. ఆ సంవత్సరం రాష్ట్ర పోటీలకు మా క్లబ్బు నుంచి ఒక్కరికే అవకాశం. పోటీ నాకూ, నాకంటే రెండేళ్లు పెద్దయిన ఒక నర్సుకూ. ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. ఇద్దరివీ ఒకే రకం రైఫిళ్లు. నాన్న చెన్నై వెళ్లినప్పుడు అంగట్లో అన్నిటికంటే బరువైన పెల్లెట్లు, అంటే రైఫిల్‌లో పెట్టి కాల్చే సీసపు గుళ్లు, ఏరి తెచ్చాడు. వాటి మూతి సూదిగా ఉంది.

"గింజ బరువుంటేనే గదా పాపా, గట్టిగా వస్తాది" అన్నాడు.

నాకూ నిజమే అనిపించింది. మా ఇంట్లో పెరిగితే మీకూ అనిపిస్తుంది! సంబరంగా సగం డబ్బా అక్కకు కూడా పోసిచ్చాను.

వారం తిరక్కుండా నా టార్గెట్ పేపరు జల్లెడైపోయింది. పది మీటర్ల దూరానికే ఒకటి పైకి, ఒకటి పక్కకి. కాఫీ మానేశాను, కళ్లద్దాలు మార్పించాను. నా చెయ్యే పాడైందని ఏడ్చాను. అక్క గతీ అంతే. ఆమె డ్యూటీ అలసట అనుకుంది.

రేపు సెలక్షన్ అనగా, శనివారం మధ్యాహ్నం కోచ్ సార్‌కు విసుగొచ్చింది. నా రైఫిల్‌ను ఇసుక సంచుల మీద కదలకుండా ఆనించి, నా పెల్లెట్లు అయిదు కాల్చారు. చెల్లాచెదురు! తర్వాత సొరుగులోంచి చదును మూతి పెల్లెట్లు తీశారు. చేతిలో పెడితే ఉన్నట్టే లేవు, అంత తేలిక. వాటినీ అయిదు కాల్చారు. పేపరు మీద ఒక్క బొక్కే కనపడింది. మిగతా నాలుగూ గోడకు పోయాయనుకున్నాను. దగ్గరికెళ్లి చూస్తే అయిదూ అందులోంచే దూరాయి!

"ఈ రైఫిల్‌కు ఇవి సరిపోయినాయి. ఆ బరువును దీని గాలి సరిగ్గా నెట్టలేదు. ఏ రైఫిల్‌కు ఏది నప్పుతాదో కాల్చి చూసుకోవాల్సిందే" అన్నారు సార్, కొత్త డబ్బా ఒకటి నా చేతిలో పెడుతూ.

అక్కడే గంతులేశాను. నా చెయ్యి మంచిదే! ఇంటి గుమ్మంలోంచే అరిచి చెప్పాను. నాన్న మొహం మాత్రం మాడిపోయింది.

"ఆయమ్మకు కూడా మనవే గదా ఇచ్చినావు?"

నిజం చెబుతున్నాను, దారి పొడుగునా అక్క గుర్తొస్తూనే ఉంది, నేనే గుర్తు రానట్టు నటించాను. ఒక్క రోజు నోరు మూసుకుంటే చాలు, పోటీలకు వెళ్లేది నేనే.

మా పక్క ఒక పద్ధతుంది. మనమిచ్చిన విత్తనం పక్కవాళ్ల మడిలో మొలవకపోతే, వాళ్లు అడక్కముందే మంచిది మోసుకెళ్లి ఇచ్చిరావాలి. నాన్న అప్పటికే చొక్కా వేసుకుంటున్నాడు. "కొత్త డబ్బాలోంచి సగం తియ్యి, ఇచ్చొస్తా" అన్నాడు. మూతి ముడుచుకుని నేనూ బండి వెనకెక్కాను. ఆసుపత్రి గేటు దగ్గర సంగతంతా విని, అక్క యూనిఫాంలోనే నన్ను ఎత్తి గిరగిరా తిప్పేసింది.

ఆదివారం ఆమె చర్చి నుంచి నేరుగా వచ్చింది. పక్కపక్కనే నిలబడి కాల్చాం. ఎంత హాయి! నొక్కగానే టప్పుమని చిన్న చప్పుడు, పేపరు మీద కత్తెరతో కత్తిరించినట్టు గుండ్రటి బొక్క, అదీ మధ్యలో! నా జన్మలో అంత బాగా కొట్టలేదు. సార్ ఇద్దరి పాయింట్లూ కూడి, నమ్మకం కుదరక మళ్లీ కూడారు.

ఒక్క పాయింటు తేడా. అక్క గెలిచింది.

ఈసారి తిట్టుకోవడానికి పెల్లెట్లు కూడా లేవు. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అక్క నన్ను వాటేసుకుని చెవిలో అంది, "నిన్న నువ్వు రాకుండా ఉంటే పోటీలకు నువ్వే పోయుండేదానివి గదా?"

"పోయుండేదాన్నే. రావాలని కూడా నాకు లేదక్కా" అన్నాను.

ఆమె నా చెయ్యి వదల్లేదు.