ప్లాస్టర్ అంటించిన మీటలు

నర్సు సలోమికి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గిపోతుంది. 1988 ఎండాకాలం, నంద్యాల నర్సింగ్ హోమ్ స్కాన్ గదిలో ఆమె అడిగిన మాట మరియమ్మకు సగమే వినబడింది.

"నొప్పి మొదలై ఎన్ని దినాలాయ?"

"నెల దాటిందక్కా. పోయినసారి ఈడికే వస్తిమి. ఏం ల్యాదు, గ్యాసే అని మాత్రలిచ్చి పంపిరి."

మంచం మీద మరియమ్మ మొగుడు గురవయ్య కుడిపక్క డొక్క పట్టుకుని మూలుగుతున్నాడు. ఆళ్లగడ్డలో గోడలు కట్టే మనిషి. ఒళ్లు కాలిపోతోంది.

పోయినసారి సలోమి స్కాన్ మిషన్ పక్కనే నిలబడి ఉంది. తెర కింది సగమంతా నల్లగా ఉంది. డాక్టర్ భాస్కరయ్య "అంతా బాగుంది" అన్నాడు. బాగుండడం కాదు, కనబడడం లేదని ఆమెకు తెలుసు. తెలిసీ నోరు మూసుకుంది. ఇప్పుడు ఒళ్లు మండింది డాక్టర్ మీద మాత్రమే కాదు.

మిషన్ వచ్చి ఏడాది. కంపెనీ మనిషి కాన్పు కేసులకు సరిపడా మీటలు సర్దిపెట్టి పోయాడు. చెడిపోతుందేమోనని డాక్టర్ వాటి మీద ప్లాస్టర్ అంటించాడు. మిషన్‌తో వచ్చిన పుస్తకాన్ని ఆయన తెరవలేదు. సలోమి భోజనాల వేళ కూర్చుని చివరిదాకా చదివింది. మిషన్ పంపే శబ్దం ఒంట్లో లోతుకు పోయేకొద్దీ బలహీనపడి తిరిగొస్తుంది, ఆ లోతు బొమ్మకు వెలుతురు విడిగా పెంచుకోవాలని అందులో స్పష్టంగా ఉంది. అంతకుముందే డాక్టర్‌కు రెండుసార్లు చెప్పింది. "నర్సుకెందుకమ్మా అవన్నీ?" అని ఆయన నవ్వాడు.

డాక్టర్ పైన కాన్పు చేస్తున్నాడు. సలోమి ప్లాస్టర్ పట్టుకుని చర్రున పీకేసింది. లోతు పెంచింది. పైభాగంలో తెల్లగా పేలిపోతున్న వెలుతురు తగ్గించింది. కింది వరుస మీటలను ఒక్కొక్కటే ముందుకు జరిపింది. నల్లటి చోట బూడిదరంగు పొడలు తేలాయి.

"గురవయ్యన్నా, గట్టిగా గాలి పీల్చి బిగబట్టు."

డొక్క ఎముకల చాటు నుంచి కాలేయం కిందికి దిగింది. దాని వెనకవైపు పిడికిలంత గుండ్రటి మచ్చ. చీముగడ్డ.

తలుపు తెరుచుకుంది. "ఎవురు ముట్టుకోమన్యారు దాన్ని?" అని అరిచాడు డాక్టర్.

"తెర చూడండి సార్, తర్వాత అరుద్దురు."

ఆయన చూశాడు. మొహం పాలిపోయింది. "పోయినసారి ఇది ల్యాదే..."

"ఉండె. మీరు చూల్యా. నేను చెప్పల్యా."

ఆ మధ్యాహ్నమే గురవయ్యను కర్నూలు పెద్దాసుపత్రికి పంపారు. సూది గుచ్చి చీమునంతా లాగారు. బతికాడు. పది రోజులకు మరియమ్మ బుట్టెడు వేరుశనక్కాయలు తెచ్చి డాక్టర్ కాళ్లకు మొక్కింది. ఆయన వద్దనలేదు. పక్కగదిలో అది చూసి సలోమి పళ్లు కొరికింది.

మరునాడు రిజిస్టర్ తీసి ఆయన ముందు పెట్టింది. కడుపునొప్పితో వచ్చి, ఏమీ లేదనిపించుకుని వెళ్లినవాళ్లు తొమ్మిది మంది.

"వీళ్లను మళ్లీ పిలిపిచ్చండి సార్."

"నా పరువేం గావల్ల? ఉద్యోగం చేసుకోవాలని ల్యాదా నీకు?"

సలోమి పోస్టాఫీసుకు పోయింది. తొమ్మిది కార్డులు కొని, తానే రాసి పోస్టు చేసింది. ఎనిమిది మంది వచ్చారు. సలోమి మీటలు సరిచేస్తుంటే డాక్టర్ పక్కన నిలబడి చూశాడు. ఒకామెకు పిత్తాశయంలో రాళ్లు కనబడ్డాయి. మిగతావాళ్లకు నిజంగానే ఏమీ లేదు.

దొర్నిపాడు నుంచి మాత్రం మనిషి రాలేదు, కార్డు వచ్చింది. జయమ్మ అనే ఆమె ఎవరిచేతనో రాయించింది. మా ఆయన పోయి పన్నెండు దినాలాయ, గుర్తుపెట్టుకుని పిలిచినారు, మీకు దండాలు.

ఆ దండాలు సలోమిని కాల్చాయి. కార్డు తీసుకెళ్లి డాక్టర్ బల్ల మీద పెట్టింది. ఆయన చదివాడు. మళ్లీ చదివాడు. కళ్లజోడు తీశాడు.

"రేపట్నుంచి మీటలు నువ్వే చూసుకో. నాగ్గూడా నేర్పు," అన్నాడు చివరికి.

"నేర్పుతా సార్," అంది సలోమి, వినబడీ వినబడనట్టు. "అయితే ముందు మీరు దొర్నిపాడులో జయమ్మ దగ్గరికి పోయి రాండి. నేనూ వస్తా."