ముగ్గురి పని ఒక్కరికి

2008లో నేను కోదాడలో ఒక లోకల్ కేబుల్ ఛానెల్‌లో వార్తలు చదివేదాన్ని. అక్కడ ముగ్గురం ఉండేవాళ్లం. చదవడానికి నేను, కెమెరా పట్టడానికి సూర్యాపేట నుంచి వచ్చే, నేను అన్నా అని పిలిచే ఒకాయన, తీసినవి కంప్యూటర్‌లో కలపడానికి ఎడిటర్. ఎడిటర్‌కు హైదరాబాద్‌లో సీరియళ్ల కంపెనీలో పని దొరికి వెళ్లిపోయాడు. అతని కుర్చీలోకి ఎవరూ రాలేదు.

ఒక పొద్దున ఓనర్ మా ఇద్దరినీ పిలిచాడు.

"పెద్ద ఛానెళ్లల్ల కూడా ఒక్కడే తీస్తున్నడు, ఒక్కడే కలుపుతున్నడు, మైకు పట్టి ఒక్కడే చెప్తున్నడు. మనకూ ఒక్కరు చాలు. రెండు నెలలు సూస్త, అన్ని పనులు ఎవరికొస్తే వాళ్లే ఉంటరు."

నాకు కెమెరా ఆన్ చేయడం కూడా రాదు. మా ఆయన నడుం విరిగి ఏడాదిగా మంచం మీదే ఉన్నాడు. ఇంట్లో ఈ మాట చెప్పలేదు.

మర్నాడు అన్నే కెమెరా తెచ్చి నా చేతికిచ్చాడు.

"నేర్చుకో చెల్లె."

"నాకు నేర్పితే నీ పని పోతదన్నా."

"కంప్యూటర్ మీది అక్షరాలు నా కండ్లకు ఆనుతలేవు. నాది ఎట్లైనా పోతది. జర గట్టిగ పట్టుకో."

నెల తిరక్కముందే మిర్యాలగూడ దగ్గర కాలువ తెగింది. ఇద్దరం బండి మీద వెళ్లాం. కట్ట మీద కెమెరా నేనే పట్టుకున్నాను. అందులోంచి చూస్తే నీళ్లు చిన్నగా, ఎక్కడో దూరంగా కనిపించాయి. ఇంకో అడుగు, ఇంకో అడుగు వేశాను. ఉన్నట్టుండి కాలి కింద మట్టి జారింది. భుజానికున్న బ్యాగు పట్టీ వెనక నుంచి అన్నకు దొరికింది. నడుం దాకా నీళ్లలో వేలాడుతున్నాను.

"కెమెరా ఇడువు! చెయ్యియ్యి!"

నేను విడవలేదు. రెండు చేతులా దాన్నే పట్టుకున్నాను. అప్పుడు నాకు కనబడ్డది నీళ్లు కాదు, ఓనర్ మొహం.

ఎట్లాగో పైకి లాగాడు. బురదలో కూలబడ్డాం.

"ఈ కొలువు కోసం పాణం ఇస్తవా?" అన్నాడు. నేను కెమెరా మీది బురద తుడుస్తున్నాను. కాసేపటికి ఆయనే నెమ్మదిగా అడిగాడు, "రికార్డయిందా, సూడు."

అయింది. సాయంత్రం, ఆ నెలలో తంటాలు పడి నేర్చుకున్న కంప్యూటర్ మీద నేనే కలిపాను, నేనే చదివాను. మరుసటి నెల నుంచి అన్నను రావద్దన్నారు. ఆయన సూర్యాపేటలో పెళ్లిళ్లు తీసే స్టూడియోలో చేరాడు.

తర్వాత నాలుగేళ్లు ప్రమాదాలకు, మంటలకు ఒక్కదాన్నే వెళ్లాను. వెనక పట్టుకునేవాళ్లు లేరని ప్రతిసారీ గుర్తొచ్చేది. చివరికి ఛానెల్ మూతపడింది. నేను ఒక ప్రైవేటు బడిలో టీచర్‌గా చేరాను. ఆ వారమే మా ఆయనకు కాలువ సంగతి చెప్పాను.

అంతా విని ఆయన అడిగాడు.

"నీకు ఈత వస్తదా?"

"రాదు," అన్నాను.