అరుగు దాకా వినపడే చదువు

ఉర్దూ సర్కారు పోయి కొత్త సర్కారు వచ్చిన ఏడు మా బాపు నౌకరీకి ముప్పొచ్చింది. పురానాపూల్ వంతెన దగ్గర ఉండేవాళ్లం. దఫ్తరులో బాపు ఉర్దూలో కాగితం రాస్తే పెద్ద సాహెబులు ఒక్క అక్షరం దిద్దేవారు కారు. అలాంటి మనిషిని ఇంగ్లీషు పరీక్ష పాసయితేనే ఉండనిస్తామన్నారు. నెత్తి నెరిసినవాళ్లకు పరీక్షలేమిటి, పాడుగాను! తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నేనప్పుడు మెట్రిక్ చదువుతున్నాను. కన్నబిడ్డ చేత పాఠం చెప్పించుకోవడానికి బాపుకు మొహం చెల్లలేదు. "నీ పాఠం జర గట్టిగ చదువుకో బిడ్డా" అని, గోడవైపు తిరిగి వక్కలు కత్తిరిస్తూ కూర్చునేవాడు. బాపుతో కలిసి పనిచేసే పక్కింటి చాచా కూడా సాయంత్రం ముచ్చటకు వచ్చినట్టు మా అరుగు మీదికి వచ్చేవాడు. ఆయనకూ అదే పరీక్ష; చదివి వినిపించడానికి పిల్లల్లేరు. సంగతి తెలిసీ తెలియనట్టే, అరుగు దాకా వినపడేలా చదివేదాన్ని. సలహా అయితే అడ్వైస్, సలహా చెప్పడం అడ్వైజ్. వదులుగా ఉంటే లూస్, పోగొట్టుకుంటే లూజ్. కిటికీలోంచి చూస్తే చాచా పెదవులు కదులుతుండేవి.

అనుమానం వస్తే ఆడపిల్లను అడగడం నామోషీ కదా! "ఏంది భాయ్ ఈ అంగ్రేజీ లొల్లి? ఆ రెండిట్ల ఏది ఏదో బిడ్డకు సమజైందా?" అని బాపును అడిగేవాడు. నేను మళ్లీ మొదటినుంచి చదివేదాన్ని.

పరీక్షలో బాపు గట్టెక్కాడు, చాచా తప్పాడు, ఆయన నౌకరీ పోయింది. పక్కనే కూర్చున్న బాపును ఒక్కమాటైనా అడగలేదట. ఎందుకని బాపు అడిగితే, "దొరికితే నీ నౌకరీ గూడ పోతుండె" అన్నాడట. ఆ పూట బాపు ముద్ద ముట్టలేదు. చాచా మొహం ఎలా చూడాలన్నదే ఆయన బాధ.

మరునాడు దఫ్తరు వేళకు చాచా రోజూ పనికి వేసుకునే షేర్వానీ తొడుక్కుని మా గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు. దిగులుతో మతి తప్పిందేమో అనుకున్నాను.

"నడువు భాయ్" అన్నాడు చాచా. "గిన్నేండ్లు ఇద్దరం కలిసి పోయినం. ఇయ్యాల ఒక్కనివి ఎట్ల పోతవ్? గేటు దాకా నేనొస్త."

బాపును దఫ్తరు గేటు దగ్గర దిగబెట్టి చాచా ఒక్కడే వంతెన మీదుగా వెనక్కి వచ్చాడు. ఆ తర్వాత ఆయన ఆ షేర్వానీ పండగకు కూడా తొడగలేదు.