పోలమ్మ తల్లి పేరిట డొమైన్

భోగాపురం మెయిన్ రోడ్డు మీద నాగబాబు నెట్ సెంటర్‌కి రోజూ వచ్చేవాళ్ళలో కూడా యమున గొంతు విన్నవాళ్ళు తక్కువ. కాగితం ఇస్తే తీసుకుంటుంది, పని చేసి తిరిగి ఇస్తుంది. ఎంతైందని అడిగితే గోడకి అంటించిన రేట్ల కాగితం వైపు చూస్తుంది. "ఈ గుంటకి మాటలు రావేటి?" అని కొత్తవాళ్ళు అడిగితే, "వస్తాయి, వాడదు" అంటాడు నాగబాబు. యమున వాటా మాటలు కూడా కలుపుకుని ఆయనే మాట్లాడేస్తాడు కాబట్టి సెంటర్‌లో ఆ లోటు ఎవరికీ తెలియదు.

ఇంటర్లో చేరిన మూడో నెలలో వాళ్ళమ్మ నడుము పట్టేసి మంచాన పడింది. యమునని చదువు మానెయ్యమని ఎవరూ అనలేదు. పొయ్యి దగ్గర ఎవరుంటారన్న మాట వచ్చినప్పుడు అమ్మా నాన్నా ఇద్దరూ ఒకేసారి ఆమె వైపు చూశారు, అంతే. రెండేళ్ళకి అమ్మ లేచి తిరగసాగింది. ఈలోగా కాలేజీ ముందుకు వెళ్ళిపోయింది. నాన్నకి బావ వరసయ్యే నాగబాబు, "ఇంట్లో కూకుని ఏటి సేస్తాది, టైపు నేర్సుకుంతాది పంపు" అని తీసుకొచ్చి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు.

మాట్లాడని మనిషికి చూడడానికి బోలెడు తీరిక. ఫారంలో గడి నింపేటప్పుడే మనిషి గుట్టు బయటపడుతుందని యమున కనిపెట్టింది. వయసు గడి దగ్గర ఆడవాళ్ళకన్నా మగవాళ్ళే ఎక్కువ నీళ్ళు నములుతారు. ఏ పనీ చెయ్యనివాడు వృత్తి గడిలో ‘వ్యాపారం’ అని రాయిస్తాడు. పెళ్ళాం ఫోన్ నంబరు ఏ మొగుడికీ నోటికి రాదు. ఫోను తీసి వెతికితే అందులో ఆవిడ పేరు ‘ఇల్లు’ అని ఉంటుంది.

ఆ గడుల దగ్గరే యమున జన్మలో మొదటి పెద్ద తప్పు చేసింది. అది కూడా నోరు తెరవకుండానే చేసింది.

రెండేళ్ళ క్రితం సంగతి. సముద్రం ఒడ్డున నడిపేట అనే ఊరి నుంచి ఆరుగురు ఆడవాళ్ళు ఆటో దిగి సెంటర్‌లోకి వచ్చారు. వాళ్ళతోపాటు ఎండు నెత్తళ్ళ చేపల వాసనా వచ్చింది. అప్పటికే లోపలున్న ఇద్దరు కుర్రాళ్ళు పని గుర్తొచ్చి వెళ్ళిపోయారు. ముందు నిలబడినావిడ గున్నమ్మ. ఆవిడ గుసగుసలాడితే రోడ్డవతల టీ కొట్టువాడు జవాబు చెబుతాడు.

వాళ్ళు ఎండబెట్టిన చేపలన్నీ అంతవరకూ ధనరాజు అనే టోకు వ్యాపారి కొనేవాడు. బుట్టలో వేలు పెట్టి కెలికి, ముక్కు మూసుకుని, తనకి తోచిన ధర చెప్పేవాడు. చేపల వ్యాపారి ముక్కు మూసుకోవడం గున్నమ్మ భరించలేకపోయింది. ఊళ్ళో ఎవరో చెప్పారట, ఇంటర్నెట్‌లో కొట్టు పెట్టుకోవచ్చని, ముందు ఆ కొట్టుకి ఒక పేరు రాయించుకోవాలని, దాన్ని డొమైన్ అంటారని.

"ఆ డొమైనేదో మాకు రాసీ బాబూ" అంది గున్నమ్మ, జీడిపప్పు తూచమన్నట్టు.

నాగబాబు పక్కన నిలబడి చదువుతుంటే యమున టైపు చేసింది. ‘నడిపేట ఎండుచేప డాట్ ఇన్’ అన్న పేరు ఖాళీగానే ఉంది. ఆ తర్వాత గడులు మొదలయ్యాయి. యజమాని, అడ్మిన్, టెక్నికల్. ఒక్క పేరుకి ఇంతమంది దేనికని లక్ష్మణమ్మ అనే ఆవిడ అడిగింది.

"బోటుకున్నట్టే ఎహె" అంది గున్నమ్మ. "యజమానంటే బోటు ఓనరు. అడ్మినంటే సరంగు, బోటు నడిపీవోడు. మూడోవోడు ఇంజిను సూసుకునీవోడు."

నాగబాబు ఆరేళ్ళుగా ఈ పని చేస్తున్నా అంత బాగా ఎప్పుడూ చెప్పలేకపోయాడు. ఆ ఉడుకుమోత్తనంతో, ఇంజిను చూసేవాడి గడిలో తన పేరు వేయించుకున్నాడు. సరంగు గడిలోకి గున్నమ్మ ఎక్కింది.

"యజమాని పేరు సెప్పండి."

"పోలమ్మ తల్లి."

"మనిసి పేరు సెప్పప్పా."

"మనిసి పేరు రాత్తే పేట తగలడిపోద్ది. నా పేరు రాత్తే రేపు నా కోడలు పంపకానికొత్తాది. లక్ష్మణమ్మ పేరు రాత్తే ఆలల్లుడొచ్చి కూకుంతాడు. అమ్మ పేరు రాయి. అమ్మకి అల్లుళ్ళు నేరు."

నడిపేటలో అది అనాదిగా ఉన్న పద్ధతి. నలుగురూ వాడుకునే ఏ వస్తువైనా గ్రామదేవత పోలమ్మ పేరు మీదే ఉంటుంది. ఐసు పెట్టె మీద ఎర్ర రంగుతో ‘పోలమ్మ తల్లి’ అని ఉంటుంది. చేపలు ఆరబోసే పట్టాల మీద, తూకం రాళ్ళ మీద, ఆఖరికి గుడి ముందు కుళాయి మీద కూడా అదే పేరు. పోలమ్మ మీద దావా వేసినవాడు ఇంతవరకూ పుట్టలేదు.

"అమ్మకి ఫోన్ నంబరు?" అన్నాడు నాగబాబు, ఎగతాళిగా.

లక్ష్మణమ్మ తన నంబరు చెప్పింది. పండక్కి ఘటం ఎత్తేది ఆవిడే. అమ్మ ఏం పలికినా ఆవిడ నోటే పలుకుతుంది, ఫోను ఒక లెక్కా? తర్వాత ఈమెయిలు కావలసి వచ్చింది. మెయిలు తెరవాలంటే పుట్టిన తేదీ అడిగింది. ఆరుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. యమున ఎవర్నీ అడక్కుండా 1990 జనవరి ఒకటి వేసేసింది.

అద్దాల్లోంచి తెర వైపు చూసిన గున్నమ్మ, "అదేటే? అమ్మ నాకంటే సిన్నదా?" అంది.

"ఫొటోలో అలాగే ఉంతాది గదప్పా" అంది లక్ష్మణమ్మ.

యజమాని గడి కింద సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. నిజమైన వ్యక్తి పేరే రాయాలి, తప్పుడు వివరాలిస్తే పేరు ఆపేస్తాం అని దాని అర్థం. యమునకి వచ్చిన ఇంగ్లీషు దానికి సరిపోయింది. ఆ కిందనే ‘సంస్థ’ అని ఇంకో గడి, నింపినా నింపకపోయినా పర్వాలేని గడి, ఖాళీగా ఉంది. ఆమె తల తిప్పి చూసింది. ఆరు నోళ్ళూ ఒకేసారి ఆడుతున్నాయి, ఏడోది నాగబాబుది. వాటి మధ్య తన మాట ఒకటి దూర్చడం ఎలాగో ఆమెకి తెలియలేదు. బటన్ నొక్కేసింది.

కొట్టు బాగానే నడిచింది. విమానాశ్రయం పనులకొచ్చిన ఇంజినీర్లు మొదట కొన్నారు, వాళ్ళ చుట్టాలు తర్వాత కొన్నారు. పొట్లాల మీద ఆ పేరే అచ్చు వేయించారు. హైదరాబాదు నుంచి కూడా రొయ్యపప్పు కావాలని అడిగేవారు. పోలమ్మ మెయిలు తెరిచి చూసే పని యమునదే. నెలకి రెండుసార్లు చూసేది. ‘ప్రియమైన పోలమ్మ గారూ, మీకు పర్సనల్ లోన్ మంజూరైంది’ అని ఉండేది. ‘పోలమ్మ గారూ, పది రోజుల్లో పొట్ట తగ్గించుకోండి’ అని ఉండేది. యమున చెంపలేసుకుని తీసేసేది.

మొన్న చైత్రంలో మెయిలు తెరిస్తే వాటి మధ్య పేర్లు నమోదు చేసే కంపెనీ ఉత్తరం ఉంది. ఈ పేరు యజమాని అసలు మనిషే కాదని ఫిర్యాదు వచ్చిందనీ, పదిహేను రోజుల్లో వివరాలు సరిచేయకపోతే పేరు ఆపేస్తామనీ అందులో ఉంది. పదిహేనులో తొమ్మిది రోజులు అప్పటికే అయిపోయాయి.

యమున వెంటనే నాగబాబుకి తెర చూపించింది.

"ఇది ధనరాజు పనే" అన్నాడు ఆయన చదివి. "డొమైను ఎవుడి పేరున ఉన్నాదో ఎలాగ తెలుస్తాదని పోయిన నెల అడిగినాడు."

యమున ఆయన వైపే చూస్తోంది.

"నానే సూపించినాను" అన్నాడు నాగబాబు, కాస్త చిన్న గొంతుతో. "కుర్సీ ఏసి మరీ సూపించినాను."

ఆగిపోయిన పేరు అంగట్లో పడితే మొదట పట్టుకునేది ధనరాజే. పొట్లాల మీద నడిపేట పేరు, ఆ పేరు నొక్కితే తెరుచుకునేది ధనరాజు కొట్టు. ఆ బటన్ నొక్కిన వేలు యమునదే.

మంగళవారం పొద్దున్నే ఇద్దరూ నడిపేట వెళ్ళారు. ఇసక మీద పట్టాల నిండా నెత్తళ్ళు ఆరుతున్నాయి. నాగబాబు విషయం చెప్పాడు. యజమాని గడిలో మనిషి పేరు ఉండి తీరాలన్నాడు. ఆ మాట పూర్తయ్యేలోపే ఆరుగురూ ఆరు పేర్లు చెప్పారు; ఎవరి పేరు వాళ్ళే చెప్పుకున్నారు. పట్టా ఎవరు మొదట పరిచారు, కంప్యూటర్ సంగతి ఎవరు మొదట విన్నారు, ఎవరి మొగుడు ఎవరి మొగుణ్ణి తెప్ప మీంచి తోసేశాడు, అన్నీ వరసగా బయటికి వచ్చాయి. కాకులకి ఇదే అదును, పట్టాల మీద వాలాయి.

"ఆగండెహె" అన్నాడు నాగబాబు. "ఇంకోటున్నాది. యజమాని మారాలంటే పాత యజమాని ఒప్పుకోవాలంట. అప్పుడే మారుస్తారంట."

అందరూ ఒక్కసారి చల్లబడ్డారు.

"అలగన్నారా?" అంది లక్ష్మణమ్మ. "కంపెనీవోళ్ళు బుద్ధిమంతులే. అమ్మనడక్కుండా ఎలగ తీసేత్తారు మరి?"

పాత యజమాని ఒప్పుకోవడమంటే పోలమ్మ మెయిలుకి వచ్చే లింకు నొక్కడమేనని, ఆ మెయిలు యమున ఫోనులోనే ఉందని నాగబాబు చెప్పబోయాడు. గున్నమ్మ చూసిన చూపుకి మానేశాడు.

గుడిలో లక్ష్మణమ్మ అమ్మవారి మొహం కడిగి, తడి నుదుటి మీద మందారం అంటించింది. మనిషి పేరు రాయొచ్చునంటే కుడిపక్కకి రాలాలి, వద్దంటే ఎడమపక్కకి. అందరూ చేతులు జోడించి కూర్చున్నారు. పువ్వు కదల్లేదు. పావుగంట గడిచింది. బయట నెత్తళ్ళు కాకులపాలవుతున్నాయి. చిన్నతల్లి అనే ఆవిడ మెల్లిగా మోకాళ్ళ మీద జరిగి ‘ఉఫ్’ అని ఊదింది. గున్నమ్మ ఆవిడ వీపు మీద ఒక్కటిచ్చింది. ఆ అదురుకో, దాని టైము దానికి వచ్చిందో గానీ, పువ్వు రాలింది. కుడికీ కాదు, ఎడమకీ కాదు. ముక్కు మీదుగా జారి సరిగ్గా నడిమధ్యన, పాదాల దగ్గర పడింది.

ఎవరికీ అర్థం కాలేదు. అమ్మకి కోపమొచ్చిందని ఒకరు, మళ్ళీ వచ్చే మంగళవారం అడగాలని ఇంకొకరు. వచ్చే మంగళవారానికి పేరు ఉండదని యమునకి తెలుసు.

"నడుమన ఒక గడి ఉన్నాది పిన్నీ" అంది.

ఆరుగురూ వెనక్కి తిరిగారు. ఎవరు మాట్లాడారో తెలియక చిన్నతల్లి నాగబాబు వైపు చూసింది.

"యజమాని పేరుకీ, చిరునామాకీ నడుమన సంస్థ అని ఒక గడి ఉన్నాది. అప్పుడు దాన్ని ఖాళీగా ఒదిలేసినాను. అందులో మీ పొదుపు సంఘం పేరు రాత్తే సంఘమే యజమాని అవుతాది. బేంకు పుస్తకం మీద ఉన్న పేరే. రుజువు కూడా ఉన్నట్టే."

ఆ పుస్తకం మీద ఉన్న పేరు ‘పోలమ్మ తల్లి మహిళా పొదుపు సంఘం’. అమ్మ ఉన్నచోటనే ఉంటుంది, కాకపోతే కాస్త కిందికి జరుగుతుంది. సంస్థ గడి గురించి పోలమ్మకి ఎలా తెలిసిందని ఎవరూ అడగలేదు. యమున కూడా చెప్పలేదు.

"ఇది నీకు అప్పుడే తెలుసేటే?" అంది గున్నమ్మ.

"తెలుసు. మనిసి పేరే రాయాలని కూడా కింద రాసుంది. సదివినాను."

"సెప్పొచ్చు కదే, నోట్లో బెల్లమెట్టుకున్నావేటి?"

"మీరు ఆపితే కదా సెప్పడానికి" అంది యమున.

గుడిలో అంతటి నిశ్శబ్దం పోలమ్మ కూడా ఎప్పుడూ విని ఉండదు. మొదట లక్ష్మణమ్మ నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. గున్నమ్మ మాత్రం నవ్వలేదు, యమునని పైనుంచి కిందికి ఒకసారి చూసి, "మరి ఇప్పుడు పేరు గడిలో ఎవులుంతారు?" అంది.

మళ్ళీ మొదలయ్యేదే. యమున ఈసారి ఆగలేదు. ఇన్నాళ్ళూ గడుల దగ్గర మనుషుల్ని చూసింది ఊరికే కాదు.

"ఆ గడిలో ఉన్నోళ్ళకి హక్కేటీ ఉండదు పిన్నీ. కంపెనీ ఉత్తరాలు ఆలకొస్తాయి. తప్పొస్తే తిట్లు ఆలకే. ధనరాజు మళ్ళీ ఫిర్యాదు పెడితే ఆలే బదులు సెప్పాలి."

ఇందాక తమ పేర్లు చెప్పుకున్న ఆరుగురిలో ఐదుగురికి అంతలో వేరే పనులు గుర్తొచ్చాయి. "గున్నమ్మప్పే ఉండాల, ఇంకెవులుంతారు?" అని చిన్నతల్లి వీపు రుద్దుకుంటూ అంది. "పెద్దది, నోరున్నది" అంది లక్ష్మణమ్మ.

"అయితే తిట్లు తినడానికి నానా?" అంది గున్నమ్మ. అంటూనే బొడ్లోంచి ఫోను తీసి నంబరు చెప్పింది. ధనరాజుకి బదులు చెప్పే అవకాశం ఇంకొకరికి వదులుకునే మనిషి కాదావిడ.

గుడి మెట్టు మీద కూర్చుని యమున పోలమ్మ మెయిలు తెరిచింది. ‘ఈ మార్పుకి అంగీకరిస్తున్నాను’ అన్న బటన్ మీద, అమ్మవారి వైపు ఒకసారి చూసి, వేలు పెట్టింది. గున్నమ్మ ఫోనుకి ఓటీపీ అంకెలొచ్చాయి. వాటిని ఆవిడ ఒక్కొక్కటే ఊరంతటికీ వినిపించేలా చదివింది. బేంకు పుస్తకం ఫొటో కూడా పంపారు. మూడో రోజు కంపెనీ నుంచి జవాబు వచ్చింది: వివరాలు సరిపోయాయి, ఫిర్యాదు మూసేశాం.

ఆ తర్వాత వారం తిరక్కుండా గున్నమ్మకి ఫోన్లు మొదలయ్యాయి. పేరు, నంబరు నలుగురికీ కనపడేలా ఉన్నాయి కదా. వెబ్‌సైటు చేసిపెడతామని ఒకడు హిందీలో, గూగుల్లో మొదటి పేజీలో పెట్టిస్తామని ఇంకొకడు ఇంగ్లీషులో, పొద్దున్నించీ సాయంత్రం దాకా ఒకటే మోత. యమునకి జాలేసింది. గున్నమ్మ జిరాక్సు కోసం సెంటర్‌కి వచ్చినప్పుడు తనే నోరు తెరిచి, "పిన్నీ, నంబరు కనబడకండా దాసీవచ్చు. సేసీమంటావేటి?" అని అడిగింది.

"ఒద్దు, దాసీకే గుంటా" అంది గున్నమ్మ. "నిన్న ఢిల్లీవోడు డిజైనో ఏటో సేత్తానన్నాడు. ఆడి బాస నాకు రాదు, నా బాస ఆడికి రాదు. అరగంట మాటాడినాం. రెండు కేజీల రొయ్యపప్పు పంపమన్నాడు."