ఈయన ఎవరి తాలూకు?

తను పోయాక శరీరాన్ని మెడికల్ కాలేజీకి ఇచ్చెయ్యాలని మా ఆయన నిర్ణయించుకున్నారు. ఈ మాట ఒక ఉదయం ఇడ్లీలోకి అల్లప్పచ్చడి వేసుకుంటూ చాలా మామూలుగా చెప్పారు. ముప్ఫై ఏళ్లు జువాలజీ పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. పిల్లల చేత కప్పల్నీ బొద్దింకల్నీ కోయించీ కోయించీ, చివరికి ఆ వరసలో తనూ పడుకుంటేనే న్యాయం అనుకున్నారేమో. ఫారం తెచ్చి, తన భాగమంతా గుండ్రటి అక్షరాలతో నింపారు. దగ్గరి బంధువు సంతకం పెట్టవలసిన చోటు మాత్రం ఖాళీగా మిగిలింది. ఆ దగ్గరి బంధువును నేను.

మూడు నెలలు వాయిదా వేశాను. కారం పట్టించే పని ఉందన్నాను. మంచిరోజు చూసి పెడతానన్నాను. ఆ మాటకి ఆయనకి ఎక్కడలేని కోపం వచ్చింది. "శరీరమంటే ఏముంది? నీళ్లు, కాల్షియం, కాస్త ఇనుము" అని నాకు పాఠం మొదలుపెట్టారు. ఆ నీళ్లకీ కాల్షియానికీ పప్పులో ఉప్పు తక్కువైతే అలిగే అలవాటుందని నలభై ఏళ్లుగా చూస్తూనే ఉన్నాను. అయినా వాదించలేదు.

నాది భయం కాదు. ఆయన అక్కడ ఒక బల్ల మీద ఉంటే, నేను ఇక్కడ వంట చేసుకుని తిని ఎలా పడుకోవాలన్నది నా బెంగ. ఈ వయసులో మొగుడితో ఆ మాట చెప్పడానికి సిగ్గేసి, నెపం కారం మీదకి నెట్టాను.

ఈలోగా గుంటూరులో ఒక ఫంక్షన్ హాల్లోకి మనిషి శరీరాల ప్రదర్శన వచ్చింది. మూఢం రోజులు, పెళ్లిళ్లు లేవు కాబట్టి హాలు దొరికినట్టుంది. బొమ్మలు కావట, నిజం మనుషులేనట. ఒంట్లో తడంతా తీసేసి ప్లాస్టిక్ ఎక్కిస్తారట. కుళ్లరు, వాసన రాదు. అది చూస్తే నా బెదురు పోతుందని ఆయన టిక్కెట్లు కొన్నారు. సరిగ్గా ఆ వారమే ఆయన అక్కగారు, మా వదిన, మోకాళ్లు చూపించుకోవడానికి వినుకొండ దగ్గర పల్లె నుంచి వచ్చి మా ఇంట్లో ఉంది. బ్రాడీపేటలో డాక్టరు ఆవిడ మోకాళ్లని అయిదు నిమిషాలు చూసి, మందులు మాత్రం మూరెడు రాశాడు.

"ఎక్కడికిరా బయల్దేరారు?" అని వదిన అడిగింది.

ప్రదర్శన, విజ్ఞానం అంటే ఆవిడకి ఎక్కదనుకుని, "శవాల్ని చూడటానికక్కా" అన్నారు ఈయన. తెలివైనవాళ్లు చేసే పొరపాట్లు ఇలాగే ఉంటాయి.

వదిన నేనిచ్చిన కాఫీ తాగలేదు. సంచిలోంచి వెలిసిపోయిన నేతచీర తీసి కట్టుకుని మాతో బయల్దేరింది. దారిలో ఆటో ఆపించి బంతిపూల దండ కొంది. వాళ్ల ఊళ్లో శవాన్ని చూడటానికి ఎవరూ ఖాళీ చేతులతో వెళ్లరు. మా ఆయన నుదురు కొట్టుకుని విషయమంతా వివరించారు. ఆవిడ శ్రద్ధగా విని, "చచ్చిపోయినోళ్లే గదా?" అంది. అవునన్నారు. "మరింకేందిరా?" అని దండ కొంగు కింద సర్దుకుంది. గేటు దగ్గర పూలు లోపలికి వద్దని ఆపారు గానీ, యాభై ఏళ్లు మిరప చేలల్లో కూలీలను నడిపించిన మనిషిని ఆపడం టిక్కెట్లు చింపేవాడి వల్ల కాలేదు.

మొదట అద్దాల పెట్టెలో మోకాలి కీలు ఉంది. తెల్లకోటు వేసుకున్న గైడ్ అమ్మాయి ఎముక ఎక్కడ అరుగుతుందో చూపించింది. వదిన వంగి, కళ్లు చికిలించి చూసింది. "ఇదా నన్ను ఏడిపించేది! ఆ డాక్టరు ఈ ముక్క చెబితే ఏం పోయింది?" అని ఆ అమ్మాయిని పది ప్రశ్నలడిగింది. మా ఆయన చూశావా అన్నట్టు నా వైపు తిరిగారు. నిజం చెప్పొద్దూ, నాకూ బాగానే అనిపించింది. సంతకం పెట్టేద్దామా అని కూడా ఒక క్షణం అనుకున్నాను.

పక్క గదిలో ఒకాయన సైకిల్ తొక్కుతున్నాడు. చర్మం లేదు, కండలన్నీ ఎర్రగా బయటికున్నాయి, కళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. కాలేజీ పిల్లలు ఆయన పక్కన నిలబడి హ్యాండిల్ పట్టుకున్నట్టు చేతులు పెట్టి ఫొటోలు దిగుతున్నారు. వదిన అక్కడ ఆగిపోయింది. చావింట్లో అడిగినట్టే, గొంతు తగ్గించి అడిగింది.

"ఈయన ఎవరి తాలూకమ్మా?"

"మాకు తెలియదండీ" అంది గైడ్ అమ్మాయి.

"ఏ ఊరు?"

"అదీ తెలియదండీ. వయసు మాత్రం యాభై ఉండొచ్చన్నారు."

"వాళ్లోళ్లకి కబురన్నా పెట్టారా?"

మా ఆయన కల్పించుకున్నారు. "బతికున్నప్పుడే ఒప్పుకుని రాసిచ్చి ఉంటారక్కా."

"ఏమని రాసిచ్చాడు? చదువుకునే పిల్లలకి పనికొస్తానని రాసిచ్చాడా, ఇట్లా గుడ్డల్లేకుండా సైకిలెక్కి ఊరూరా తిరుగుతానని రాసిచ్చాడా? నువ్వు చూశావా ఆ కాయితం?"

ఈయన గైడ్ అమ్మాయి వైపు చూశారు. "కాగితాలు కంపెనీ దగ్గరుంటాయండీ. మాకెప్పుడూ చూపించలేదు" అని ఆ పిల్ల తల దించుకుంది. పాపం, దాని తప్పేముంది.

వదిన చుట్టూ కట్టిన తాడు దాటి, బంతిపూల దండ ఆయన మెడలో వెయ్యబోయింది. అందలేదు. సైకిల్ హ్యాండిల్‌కి తగిలించి, రెండు చేతులూ జోడించింది. "అమ్మా, పూలకి చీమలు పడతాయి" అంది గైడ్ అమ్మాయి, కానీ దండ తియ్యడానికి చెయ్యి చాపలేదు. ఫొటోలు దిగుతున్న పిల్లలు ఫోన్లు దించేశారు. అంతసేపూ అక్కడున్నది చచ్చిపోయిన మనిషని దండ పడ్డాకే గుర్తొచ్చినట్టుంది. నాకూ అప్పుడే గుర్తొచ్చింది, దాచడమెందుకు.

బయటికొస్తుంటే గైడ్ అమ్మాయి అలవాటు కొద్దీ "మళ్లీ రండమ్మా" అంది. వదిన ఉలిక్కిపడి, "ఇట్లాంటి చోట ఆ మాట అనకూడదు తల్లీ" అని మందలించి, తను మాత్రం వెళ్లొస్తానని అనకుండానే ఆటో ఎక్కింది.

అపార్ట్‌మెంటు దగ్గర ఇంకో తంతు. స్నానం చెయ్యందే గడప తొక్కనని ఆవిడ కింద కార్ల మధ్య కుళాయి దగ్గర నిలబడింది. నేనూ తప్పించుకోలేకపోయాను. మూఢనమ్మకాల మీద ఊరూరా ఉపన్యాసాలిచ్చిన మా ఆయన "అక్కా, అది ప్లాస్టిక్" అని ఒకసారి గొణిగి, చొక్కా విప్పి తల వంచారు. పై అంతస్తుల వాళ్లంతా బాల్కనీల్లోకి వచ్చి చూశారు. ఆయన తల తుడుచుకుంటూ ఉన్నట్టుండి అన్నారు: "మా ల్యాబులో అస్థిపంజరం ఉండేది. కాలేజీ డే రోజు పిల్లలు దానికి టోపీ పెట్టి, నోట్లో సిగరెట్టు పెడితే నేనూ నవ్వాను. అది ఎవరిదని ముప్ఫై ఏళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు."

మర్నాడు ఆయనే ఫారం జేబులో పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని మెడికల్ కాలేజీకి వెళ్లారు. కాగితాలు చూసే పెద్దాయన్ని కూర్చోబెట్టి అడగాల్సినవన్నీ అడిగారు. శరీరాన్ని వేరే ఎవరికైనా ఇస్తారా? ఫొటోలు తీస్తారా? ప్రదర్శనలకి పంపుతారా? పెద్దాయన ఓపికగా చెప్పాడు. కాలేజీ దాటి పోదు, లోపలికి ఫోన్లు తేనివ్వరు, మొదటిరోజు పిల్లలంతా వరసగా నిలబడి నమస్కారం చేశాకే పాఠం మొదలవుతుంది. ప్రదర్శనకి పెట్టకూడదని ఫారం మీద రాసుకోవచ్చు కూడా. ఈయన అప్పటికప్పుడు రాశారు. ఆయన క్లాసులోకి వస్తే ఏనాడూ లేచి నిలబడని పిల్లలు, బల్ల మీద పడుకున్నాక నిలబడతారన్నమాట. అదే అన్నాను. ఇద్దరూ నవ్వారు.

ఆ నవ్వులో పెద్దాయన ఇంకో ఫారం తీసి నా ముందు పెట్టాడు. "దంపతులు వస్తే ఇద్దరూ ఇస్తుంటారమ్మా. మీరు కూడా?"

నేను ఊరికే, చూద్దామని అందుకున్నాను. మా ఆయన చెయ్యి ఠక్కున వచ్చి ఆ కాగితం మీద పడింది.

"ఆవిడది వద్దండీ."

"ఏం, నేను సైన్సుకి పనికిరానా?" అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. "నువ్విక్కడ బల్ల మీద ఉంటే, నేను ఇంటికెళ్లి ఎట్లా తిని ఎట్లా పడుకోను?" అన్నారు. పెద్దాయన రిజిస్టరులో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

నాకు నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. ఆయన చెయ్యి మెల్లగా పక్కకి తీసి, ఆయన ఫారం మీద నా సంతకం పెట్టాను. తర్వాత నా ఫారం కూడా నింపాను. అందులో దగ్గరి బంధువు సంతకం చోటు ఈ రోజుకీ ఖాళీగానే ఉంది. నేను తొందరపెట్టడం లేదు.