ముప్పై ఆరు మెట్లు

మా అన్నయ్య మీద నాకు కోపం ఇంకా తగ్గలేదు. తగ్గించుకునే ఉద్దేశమూ లేదు.

అన్నయ్యకి సింగపూర్ సైన్స్ పార్క్‌లో ఉద్యోగం. ఆఫీసు పనిమీద స్టాక్‌హోమ్ వెళ్తూ అమ్మనీ నన్నూ కూడా రమ్మన్నాడు. గైడు వెంట రెండున్నర గంటలు నడిస్తే అక్కడి పాత ఊరంతా చూడొచ్చని ఆశ పెట్టింది కూడా తనే. ఆ ఊళ్లో ఒక సందు ఉందట. ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి తగ్గాలట. అందులో ముప్పై ఆరు మెట్లు. అమ్మ మనసు ఆ సందు మీద పడింది.

అమ్మకి డెబ్బై ఒకటి. మోకాలు పట్టేస్తుంది. అందుకని రెండు నెలల ముందే నడక మొదలుపెట్టింది. ఇక్కడ సింగపూర్‌లో, యీషున్‌లో మేమిద్దరం ఉండే అపార్టుమెంటు బ్లాకు చుట్టూ రోజూ పొద్దున్నే తనూ, నేనూ. టూరు కాగితం పట్టుకుని నేనే గైడుని. బ్లాకు కింద స్తంభాల మధ్య ఖాళీగా ఉండే వాయిడ్ డెక్ రాజుగారి కోట. కాఫీ షాపు పెద్ద చర్చి. "కోట గుమ్మానికి ఎవడో సైకిలు అడ్డం పెట్టేసాడే" అనేది అమ్మ. చివర్లో లిఫ్ట్ ఎక్కకుండా మూడో అంతస్తులో మా ఇంటికి మెట్లెక్కేది. అవి ముప్పై నాలుగే. లెక్క సరిపోవాలని రెండు దిగి మళ్లీ ఎక్కేది. మొదటి వారం పన్నెండో మెట్టు దగ్గరే కూలబడింది. బయల్దేరే వారానికి ఎక్కడా ఆగలేదు.

స్టాక్‌హోమ్‌లో టూరు రోజు అమ్మ మాకంటే ముందే తయారై, బూట్ల లేసులు బిగించుకుని హోటల్ గదిలో కూర్చుంది. అప్పుడు చెప్పాడు అన్నయ్య, టిక్కెట్లు రెండే తీసుకున్నానని.

"నీకెందుకమ్మా శ్రమ. అంతా రాళ్ల రోడ్డు, పడిపోతావ్. ఇక్కడ రెస్ట్ తీసుకో. ఫోటోలు చూపిస్తాంగా."

ఒక్క మాట అడగలేదు. పెద్దరికం వెలగబెట్టాడు. ముప్పై ఏళ్లు స్కూలు క్యాంటీన్‌లో నిలబడి మమ్మల్ని పెంచిన మనిషికి ఏది శ్రమో ఈయన తేల్చాలా?

అమ్మ నావైపు చూసింది. ఆ రెండు నెలల నడకా చూసింది నేనొక్కదాన్నే. "అమ్మ నడవగలదు, నా టిక్కెట్టు అమ్మకివ్వు" అంటే సరిపోయేది. బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాను.

"ఎల్లి రండి" అంది అమ్మ. వంగి లేసులు విప్పుకుంది.

గైడు నెమ్మదిగానే నడిచింది. ప్రతి మలుపులో ఆగి కబుర్లు చెప్పింది. మా గుంపులో చేతికర్రతో ఒక ముసలాయన కూడా ఉన్నాడు. ఆయన్ని చూసిన ప్రతిసారీ అన్నయ్య మీద నాకు ఒళ్లు మండింది. సందులో మెట్లెక్కుతూ సగంలో ఆగి రొప్పింది మాత్రం మా అన్నయ్య. "ఇందుకే అమ్మని వద్దన్నాను" అన్నాడు పైగా. అరికాలి మంట నెత్తికెక్కింది. సింగపూర్ వచ్చాకే, ఫోన్లో అరగంట తిట్టాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

మేం తిరిగొచ్చిన మూడో రోజు పొద్దున్నే చప్పుడైతే లేచి చూశాను. అమ్మ బూట్లు వేసుకుంటోంది. నేనూ గబగబా చెప్పులు తొడుక్కుని గుమ్మంలోకొచ్చాను.

"నువ్వెందుకు, పడుకో" అంది. గొంతులో కోపం లేదు. "నువ్వు చూసొచ్చేసావు కదా."

గంట తర్వాత మెట్ల మీంచి లెక్క వినిపించింది. ముప్పై నాలుగు దగ్గర పైకొచ్చింది. నేను చెయ్యి అందించాను. అమ్మ గోడ పట్టుకుని వెనక్కి రెండు మెట్లు దిగింది. మళ్లీ ఎక్కింది.

"ముప్పై అయిదు. ముప్పై ఆరు."